గ్రాసు చూసి మురిసిపోకు అబ్బాయ్, షేరెంతో అడుగు!

శావల్యాపురం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడుందీ ఊరు అనకండి. గుంటూరులో నంద్యాల వైపు పోయే రైలెక్కితే నరసరావుపేట, సంతమాగులూరు దాటాక, వినుకొండ ఇంకా రాకముందే తగులుతుంది. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడిన దగ్గర్నుంచి అక్కడి కుర్రాళ్ళు ఉత్తరం చివర జిల్లా పేరు కాస్త పెద్ద అక్షరాలతో రాస్తున్నారు. రాయనివ్వండి, ముచ్చటగానే ఉంది.

ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే పాట. హీరో కావాలంటే ఎవరిని కలవాలి, పాటలు రాస్తాను ఛాన్సిప్పించండి, ఫలానా హీరోయిన్ పుట్టినరోజెప్పుడు. ఈ అబ్బాయిది ఆ బాపతు కాదు. డిగ్రీ అయింది. తండ్రికి సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు, అంతా మిర్చే. అబ్బాయి చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి, రెండూ మార్కెటింగే. ఒకటి హైదరాబాదులో, ఏడాదికి 3 లక్షల 60 వేలు. రెండోది సొంత తాలూకాలోనే, విత్తనాలు, పురుగుమందులు అమ్మే కంపెనీకి ఫీల్డ్ అసిస్టెంటు, నెలకు చేతికి 16 వేలు, బండికి పెట్రోలు వేరే. "నాన్న హైదరాబాదే పొమ్మంటున్నాడు మాస్టారూ, అమ్మేమో కళ్ళెదురుగా ఉండమంటోంది. సినిమాల లెక్కలన్నీ విప్పి చెబుతారు గదా, నా లెక్క కూడా చెప్పండి" అని రాశాడు.

చెబుతాను. అసలీ లెక్క సినిమా చూసేవాళ్ళకి అర్థమైనంత సులువుగా ఇంకెవరికీ అర్థం కాదు.

మీ హీరో సినిమా మొదటిరోజు ఇన్ని కోట్లు కొట్టిందని పోస్టరు పడుతుంది. అవతలి హీరో అభిమాని ఊరుకుంటాడా? "అది గ్రాసు బాబూ, షేరు చెప్పు" అంటాడు. గ్రాసంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. అందులో పన్ను తీసేస్తే నెట్టు. హాలు అద్దె కూడా తీసేస్తే డిస్ట్రిబ్యూటరు చేతికొచ్చేది షేరు. గ్రాసు గొప్పకి, షేరు కూటికి. ఇంత తెలిసిన మీరే, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి కంపెనీ వాడు ఏడాది మొత్తం ఒక్క గుక్కలో చెబితే నోరెళ్ళబెడతారు. వాడు చెప్పిన 3 లక్షల 60 వేలు గ్రాసు. దానికి ఆఫీసు భాషలో సి.టి.సి. అని పేరు. నీకోసం కంపెనీకి అయ్యే ఖర్చంతా అందులో కలిపేస్తారు.

ఇంకో మాట కూడా మీకు తెలుసు, ఎం.జి. అంటే మినిమమ్ గ్యారంటీ. సినిమా ఆడినా ఆడకపోయినా నిర్మాతకి ఇంత ఇస్తానని డిస్ట్రిబ్యూటరు ఒప్పుకునే డబ్బు. అది కాకుండా కమిషన్ పద్ధతి వేరే ఉంది. అందులో ఆడితేనే డబ్బు, ముందిచ్చిన అడ్వాన్సు కూడా ఆడకపోతే వెనక్కి కట్టాల్సిందే. మార్కెటింగ్ ఉద్యోగంలో నీ ఫిక్స్‌డ్ జీతమే ఎం.జి. 'వేరియబుల్', 'ఇన్సెంటివ్' అనేవన్నీ కమిషన్ బాపతు. ఆఫరు కాగితం చేతికి రాగానే మొట్టమొదట చూడాల్సింది మొత్తం కాదు, అందులో ఎం.జి. ఎంత అని.

అబ్బాయి పంపిన కాగితం ప్రకారం 3,60,000లో 72,000 వేరియబుల్. టార్గెట్టు కొడితే వస్తుంది. దాన్ని పక్కన పెట్టు. మిగిలింది 2,88,000, నెలకి 24,000. అందులో ప్రావిడెంట్ ఫండుకి కంపెనీ కట్టే వాటా 1,800 కూడా నీ ఖాతాలోనే రాశారు. 22,200 అయింది. నీ వాటా ఇంకో 1,800. వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 20,200. పి.ఎఫ్. డబ్బు ఎక్కడికీ పోదు, నీదే, కాకపోతే నెలాఖరున మెస్సు వాడికివ్వడానికి పనికిరాదు. హైదరాబాదులో హాస్టలూ తిండీ ఎంత చిక్కగా పట్టుకున్నా 7 వేలు అనుకుందాం. మిగిలింది 13,200. సిటీ బస్సులు, ఫోను, వారానికో సినిమా (అది మానమని ఈ పత్రికలో నేనెలా రాస్తాను?) అన్నీ ఇందులోనే. 30 వేల ఉద్యోగం షేరు ఇదీ.

ఇంటి దగ్గరి ఉద్యోగం చేతికే 16 వేలు. ఇల్లు మనది, అన్నం అమ్మ పెడుతుంది. అంటే రెండోది గెలిచేసిందా? తొందరపడకు. దానికీ అడగాల్సిన ప్రశ్నలున్నాయి, అవి మొదటిదానికంటే గట్టివి.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఈ పేజీ రాయకముందు నేనూ మార్కెటింగ్ వాడినే, ఆ మాట అప్పట్లో లేదు గానీ. విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున ఫిలిం రిప్రజెంటేటివ్‌గా తిరిగాను. సినిమా పెట్టెతోపాటు రైలెక్కడం, నరసరావుపేటలోనో వినుకొండలోనో దిగడం, హాల్లో నేల, బెంచి, కుర్చీ టికెట్ పుస్తకాల మొదటి నంబర్లు రాసుకోవడం, ఆట మొదలయ్యాక టార్చిలైటు వేసుకుని తలకాయలు లెక్కపెట్టడం, చివరి నంబర్లతో సరిచూసి డి.సి.ఆర్. మీద సంతకం పెట్టడం. డి.సి.ఆర్. అంటే డైలీ కలెక్షన్ రిపోర్టు. లాడ్జిలో నా పక్క మంచం మీద ఎప్పుడూ ఒక మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఉండేవాడు. తోలుసంచీ, టై, మెరిసే బూట్లు. రాత్రి పదిన్నరకి అతనూ కూర్చుని డి.సి.ఆర్. రాసేవాడు! అతనిది డైలీ కాల్ రిపోర్టు, ఆ రోజు ఏ డాక్టర్లని కలిశాడో ఆ లెక్క. ఇద్దరికీ జీతం కంటే బత్తా ముఖ్యం. ఇద్దరం దేశం తిరుగుతున్నామని పెళ్ళివారు వెనకడుగు వేసేవారు.

ఇప్పుడు చూడండి. నా డి.సి.ఆర్. పోయింది. సినిమాకి పెట్టె లేదు, శాటిలైటు మీదో హార్డ్‌డిస్కులోనో వస్తుంది. టికెట్ ఫోన్‌లో తెగుతుంది. వినుకొండలో ఎన్ని టికెట్లు తెగాయో హైదరాబాదులో కూర్చున్న వాడికి ఆట మొదలుకాకముందే తెలుసు. అతని డి.సి.ఆర్. ఫోన్‌లోకి మారింది గానీ పోలేదు. డాక్టరు గుమ్మం దగ్గర కూర్చుని రెండు నిమిషాల్లో తన మందు గురించి చెప్పి ఒప్పించే మనిషి ఇంకా కావాలి. లెక్కపెట్టే పని యంత్రం పట్టుకుపోయింది, ఒప్పించే పని మిగిలింది. మా రిప్రజెంటేటివుల్లో కూడా హాళ్ళ వాళ్ళతో మాట నిలబెట్టుకున్నవాళ్ళు తర్వాత సొంతంగా జిల్లా హక్కులు కొని ఆడించారు. పంపిణీతో మొదలుపెట్టి 2003లో 'దిల్' తీసి, ఆ సినిమా పేరునే ఇంటిపేరు చేసుకున్న రాజుగారి కథ మీకు తెలిసిందేగా. ఏ ఏరియాలో ఏది ఆడుతుందో ఎరిగినవాడికే ఆ ధైర్యం వస్తుంది.

అందుకే అబ్బాయ్, ఫీల్డ్ అసిస్టెంటు అనగానే తక్కువగా చూడకు. వినుకొండ, నూజెండ్ల, ఈపూరు, బొల్లాపల్లి, శావల్యాపురం మండలాల్లో ఏ ఊరి నేల ఏమిటి, సాగర్ కుడి కాలువ నీళ్ళు ఎక్కడిదాకా ఎప్పుడొస్తాయి, ఎవరు కౌలు రైతు, ఎవరు డీలరు దగ్గర అరువు పెట్టాడు, ఇవన్నీ ఎమ్.బి.ఎ. చదివిన పట్నం కుర్రాడు మూడేళ్ళు తిరిగినా సగమే నేర్చుకుంటాడు. నీకు పుట్టుకతో తెలుసు. ఏడాదేడాదికీ కోటప్పకొండ తిరునాళ్ళకి ఆకాశమంత ప్రభ కట్టి, దానికి వేల దీపాలు పెట్టి, పక్క ఊరి ప్రభకంటే మనదే ఎత్తని చాటే సీమ అది. వాళ్ళకి ప్రచారం గురించి ఎవరు పాఠం చెప్పాలి?

ఇక ప్రశ్నలకి వద్దాం. మొదటిది: కంపెనీ రోలా, కాంట్రాక్టరు రోలా? అబ్బాయి చొక్కా మీద కంపెనీ బొమ్మ ఉంటుంది, జీతం మాత్రం మధ్యలో ఇంకో ఏజెన్సీ ఇస్తుంది. సీజను కాగానే "మళ్ళీ కబురు చేస్తాం" అంటారు. ఆఫరు పదకొండు నెలలకే అని ఉత్తరంలో ఒక మూల రాశాడు. ఆ పదకొండు నెలల తర్వాత కంపెనీ రోలులోకి ఇంతకుముందు ఎంతమందిని తీసుకున్నారో, ఆ ఏరియాలో పనిచేసి వెళ్ళిన కుర్రాళ్ళనే అడుగు. ఆఫీసు వాడిని అడిగితే అందరినీ తీసుకున్నామనే అంటాడు.

రెండోది ఇన్సెంటివ్ దేనిమీద లెక్కకడతారు అని. ఇది చాలామంది అడగరు. సీజను ముందు డీలరు కొట్లో సరుకు దించుతారు. ఆ రోజు నీ పేరు మీద అమ్మకం రాసేస్తారు, అందరూ భుజం తడతారు. సీజను అయ్యాక అమ్ముడుపోని ప్యాకెట్లు వెనక్కొస్తాయి. అప్పుడు ఆ అమ్మకం కొట్టేస్తారు, ఇన్సెంటివ్ గాలికి పోతుంది. దించిన సరుకు మీదా, రైతు కొన్న సరుకు మీదా, లేక డీలరు దగ్గర డబ్బు వసూలయ్యాకా? ఈ మూడింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. వసూలు మీద అయితే మిర్చి ధర కూడా నీ జీతంలో భాగమే. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల మార్కెట్ జోక్య ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడు రైతు డీలరుకి కట్టలేడు, డీలరు కంపెనీకి కట్టడు, మధ్యలో ఫోన్లు నీకు వస్తాయి.

మూడోది బండి. కిలోమీటరుకి 3 రూపాయలు ఇస్తారట. లీటరు 110 లెక్కన, బండి 50 కిలోమీటర్లు ఇస్తే పెట్రోలుకే 2 రూపాయల 20 పైసలు. మిగిలిన 80 పైసల్లో టైర్లు, ఆయిలు, ఆ పొలం డొంకల్లో విరిగే ఫుట్‌రెస్టులు. సరిపోతుంది గానీ మిగలదు. పెట్రోలు డబ్బుని ఆదాయంలో కలుపుకోకు.

అన్నిటికంటే పెద్దది ఇంకోటుంది, అది కాగితం మీద ఉండదు. హైదరాబాదులో నువ్వు అమ్మింది నచ్చకపోతే కొన్నవాడు ఫోన్ పెట్టేస్తాడు. శావల్యాపురంలో నువ్వు అమ్మిన మందు పనిచేయకపోతే కొన్నవాడు మీ మేనమామ. పైనుంచి మేనేజరు "ఈ నెల ఈ డబ్బాలు పోవాలి" అంటాడు. పురుగు లేని చేలో కూడా రెండు మందులు కలిపి కొట్టమని చెప్పమంటాడు. నువ్వు చెబితే వింటారు, మనవాడు గదా అని. మన పల్లెల్లో మార్కెటింగ్ ఉద్యోగానికి అసలు పరీక్ష అక్కడే. 2009లో 'రాకెట్ సింగ్' అని హిందీ సినిమా వచ్చింది, అందులో రణబీర్ కపూర్ కంప్యూటర్లు అమ్మే కంపెనీలో కొత్త సేల్స్ కుర్రాడు. లంచం అడిగినవాడి మీద ఫిర్యాదు చేసి కంపెనీలో అందరికీ చేదవుతాడు. సినిమా పెద్దగా ఆడలేదు. కానీ ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఒకసారి చూడదగ్గది. మొదటి ఇంటర్వ్యూలోనే మేనేజరుని అడుగు: "రైతు అవసరం లేదంటే బలవంతంగా అమ్మించరు గదా సార్?" అతను నవ్వే తీరును బట్టి నీకు సగం తెలిసిపోతుంది.

చట్టం సంగతి కూడా కాస్త. రిప్రజెంటేటివులకి దిక్కూ దివాణం లేని రోజుల్లో, 1976లో, పార్లమెంటు సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం చేసింది. మొదట మందుల కంపెనీల వాళ్ళకే, అదీ కమిషన్ కాకుండా నెల జీతం 750 దాటనివాళ్ళకి. నియామక పత్రం, సెలవులు దానివల్లే వచ్చాయి. 1987లో ఆ జీతం పరిమితి ఎత్తేశారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి, ఆ పాత చట్టం వాటిలో కలిసిపోయింది. నీకు పనికొచ్చేవి మూడే చెబుతాను. ఉద్యోగంలో పెట్టుకున్నవాడు నియామక పత్రం ఇచ్చి తీరాలి. అలవెన్సులూ కమిషన్లూ అంటూ జీతంలో సగానికి మించి చూపిస్తే, మించిన భాగం వేతనం కిందే లెక్క. నువ్వు మానేసినా వాళ్ళు తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చేతికివ్వాలి. కాంట్రాక్టరు మనిషి "మనలో మనకి కాగితాలెందుకు బ్రదర్" అంటే, ఆ బ్రదర్‌కి నమస్కారం పెట్టి బయటికి రా.

అన్నట్టు ఇదే వరసలో ఇంకో రకం ఉంది. శిక్షణకని, కిట్‌కని ముందు నీ దగ్గరే డబ్బు తీసుకుని, తర్వాత నీకింద నలుగురిని చేర్పించమనేవాళ్ళు. దాన్ని కూడా మార్కెటింగ్ అనే పిలుస్తారు. హోటల్లో మీటింగు, కోటు, మైకు, చప్పట్లు, వెనకాల సినిమా పాట. గొలుసుకట్టు స్కీములని నిషేధిస్తూ 1978లోనే చట్టం వచ్చింది. డైరెక్ట్ సెల్లింగ్ పేరుతో నడిచే కంపెనీలు చేరడానికి రుసుము తీసుకోకూడదని 2021లో కేంద్రం నియమాలు పెట్టింది. జీతమిచ్చేవాడు నీకు డబ్బిస్తాడు గానీ నిన్ను డబ్బడగడు. ఈ ఒక్క ముక్క మీ ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించు.

ఇంతకీ ఏది ఒప్పుకోమంటావు అంటావేమో. నా ఓటు ఊళ్ళో ఉద్యోగానికే, కానీ రెండు షరతులు. నియామక పత్రం రాతలో ఉండాలి, ఇన్సెంటివ్ లెక్క రాతలో ఉండాలి. రెండేళ్ళు చెయ్యి. ఈలోగా చదువు ఆపకు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో మేనేజ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, వ్యవసాయ వ్యాపారంలో పి.జి. డిప్లొమా 1996 నుంచి నడుపుతోంది. దానికి ఏ డిగ్రీ కావాలో, ప్రవేశ పరీక్ష ఏదో విచారించు. అక్కడ సీటొచ్చినా, రాక ఏరియా మేనేజరు మెట్టుకి ఇంటర్వ్యూకి వెళ్ళినా, "నేను ఫలానా ఐదు మండలాల్లో ఇన్ని ఊళ్ళు తిరిగాను" అని చెప్పే కుర్రాడి ముందు మార్కుల కాగితం పట్టుకున్నవాడు చిన్నబోతాడు. ఈ రెండు షరతులకీ వాళ్ళు ఒప్పుకోకపోతే హైదరాబాదే వెళ్ళు, అక్కడా నీ ఎం.జి. 24 వేలని గుర్తుంచుకుని వెళ్ళు, 30 వేలని నాన్నకి చెప్పకు. 1981లో 'ఆకలిరాజ్యం' చూసి హాల్లో కళ్ళు తుడుచుకున్న తరం మాది. అందులో కమల్‌హాసన్‌కి ఢిల్లీ అంతా తిరిగినా ఉద్యోగమే దొరకలేదు. మీకు దొరుకుతున్నాయి. అయితే లోపల ఏముందో విప్పి చూసుకోవాల్సిన పని మీదయింది.

చోటు మిగిలింది కాబట్టి వినుకొండ చెల్లెమ్మ ప్రశ్న కూడా ఇందులోనే. "డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుంటే సినిమా వాళ్ళ దగ్గర ఉద్యోగం వస్తుందా?" అని అడిగింది. సినిమా ప్రచారం గోడ మీంచి ఫోన్ మీదకి వచ్చిన మాట నిజమే. 1967లో 'సాక్షి'తో మొదలుపెట్టి ఈశ్వర్‌గారు గీసిన పోస్టర్లకోసం మేం గోడల ముందు నిలబడేవాళ్ళం. 2015లో 'బాహుబలి'కి కొచ్చిలో పరిచిన పోస్టరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, దాన్ని కూడా జనం చూసింది ఎక్కువగా ఫోన్లోనే. పని ఉంది. కానీ అమీర్‌పేటలో నలభై అయిదు రోజుల సర్టిఫికెట్ పట్టుకున్నవాళ్ళు వేలమంది ఉన్నారమ్మా. ఫీజు కట్టేముందు ఒక పని చెయ్యి. మీ ఊళ్ళో పచ్చళ్ళో, కారప్పొడో చేసి అమ్మే ఇల్లు ఒకటి చూసుకో. వాళ్ళ సరుకు ఫొటోలు నీ ఫోన్‌తో తీసి, నువ్వే నాలుగు మాటలు రాసి, మూడు నెలలు అమ్మిపెట్టు. ఏ మాట పెడితే ఎన్ని ఆర్డర్లు వచ్చాయో పుస్తకంలో రాసుకో. హైదరాబాదులో ఏ ప్రచార ఆఫీసుకి వెళ్ళినా సర్టిఫికెట్ కంటే ముందు ఆ పుస్తకం తీసి బల్ల మీద పెట్టు. కారప్పొడి ప్యాకెట్ ఒకటి నాకు కూడా పంపు, డబ్బులు ఇస్తాను.